అమెరికాలో కొట్టేసిందీ మన రిజర్వేషనూ ఒకటేనా? కాలేజీ సీట్లు ఏ దేశంలో ఎలా ఇస్తారు?

#1 తూనికరాయి
మా ఫ్యామిలీ గ్రూపులో వారం నుంచి ఇదే గొడవ. "అమెరికా సుప్రీంకోర్టు 2023లోనే రిజర్వేషన్లు ఎత్తేసింది, మనకెప్పుడు బుద్ధొస్తుందో" అని బాబాయ్ ఒక ఫార్వర్డ్ పెట్టాడు. కింద వరసగా చప్పట్లు. నాకేమో అక్కడున్నదీ ఇక్కడున్నదీ ఒకటే అనిపించడం లేదు. అలాగని గట్టిగా వాదించేంత తెలియదు. అక్కడ అసలు ఏం కొట్టేశారు? మిగతా దేశాల్లో సంగతేంటి? తెలిసినవాళ్లు చెప్పండి. కులాల పేర్లతో తిట్టుకోవడానికి వేరే థ్రెడ్‌లు బోలెడున్నాయి, ఇక్కడ మాత్రం వద్దు.

#2 నల్లకోటు
బాబాయ్ గారి లెక్క 'రిజర్వేషన్' అన్న మాట దగ్గరే తప్పింది. సీట్లు విడిగా తీసి పక్కన పెట్టడం అమెరికాలో 1978లోనే చెల్లదన్నారు. కాలిఫోర్నియా యూనివర్సిటీ డేవిస్ క్యాంపస్ మెడికల్ స్కూల్లో 100 సీట్లుంటే 16 మైనారిటీలకు ఉంచేవారు. అలెన్ బాకీ అనే తెల్లజాతి అభ్యర్థికి రెండుసార్లు సీటు రాక కోర్టుకెక్కాడు. జడ్జిలు నలుగురు ఇటు, నలుగురు అటు. మధ్యలో జస్టిస్ పావెల్ ఒక్కడే తీర్పుని నడిపాడు. 16 అని గీత గీయడానికి వీల్లేదు, కానీ అభ్యర్థి గురించి చూసే పది విషయాల్లో జాతిని కూడా ఒకటిగా చూసుకోవచ్చు అన్నాడు. 2023లో హార్వర్డ్ కేసులో పోయింది ఆ 'ఒకటి'. కోటా పోయి అప్పటికే 45 ఏళ్లు.

అసలు మెలిక వేరే ఉంది. జాతిని ఎందుకు చూడొచ్చు? సమాజం చేసిన అన్యాయానికి పరిహారంగా అంటే పావెల్ ఒప్పుకోలేదు. రకరకాల నేపథ్యాల పిల్లలు కలిసి చదివితే క్లాసులో అందరికీ మేలు, అందుకని చూడొచ్చు అన్నాడు. 'డైవర్సిటీ' అన్న మాటకి అంత బరువు అక్కడి నుంచే వచ్చింది. కేసు పేరు బాకీ, కోర్టు మాత్రం బాకీ సంగతి ఎత్తనివ్వలేదు!

#3 ర్యాంక్ 4312
ఏ పేరు పెడితే ఏంటి సార్. నాకు 4312 వచ్చినా నేను కోరుకున్న కాలేజీలో సీఎస్‌ఈ రాలేదు. మా ఫ్రెండ్‌కి 11 వేల పైన ర్యాంకు, అదే కాలేజీ, అదే బ్రాంచి. వాడి నాన్నకీ మా నాన్నకీ జీతం ఇంచుమించు ఒకటే. ఇది న్యాయమని నాకు ఎవరైనా అర్థమయ్యేలా చెప్పండి చూద్దాం.

#4 పాత లెక్చరర్
చెప్తాను బాబూ, సాయంత్రం తీరిగ్గా రాస్తాను. కౌన్సెలింగ్ డ్యూటీలు చాలా ఏళ్లు చేశాను. ఈలోగా ఒక ప్రశ్న. అదే కాలేజీలో నీకంటే వెనక ర్యాంకుతో మేనేజ్‌మెంట్ కోటాలో చేరినవాళ్లు ఎంతమందో లెక్కేశావా?

#5 మిడ్‌వెస్ట్ మల్లి
నేను ఇక్కడ అమెరికాలో ఒక యూనివర్సిటీకి రెండు సీజన్లు అప్లికేషన్లు చదివే పని చేశాను. పేరు అడక్కండి. ఒక ఫైలుకి పావుగంట దొరికితే గొప్ప. మార్కులు, స్కూలు ప్రొఫైలు, టీచర్ల లెటర్లు, వ్యాసాలు అన్నీ ఆ పావుగంటలోనే. తీర్పుకి ముందు జాతి ఏంటో టిక్ పెట్టిన గడి కనిపించేది. తీర్పు తర్వాత ఆ గడి మా స్క్రీన్ మీద కనపడకుండా చేశారు. కానీ చీఫ్ జస్టిస్ రాబర్ట్స్ తన తీర్పులోనే ఒక కిటికీ తెరిచి ఉంచాడు. జాతి వల్ల తన జీవితంలో ఏం జరిగిందో, దాన్నుంచి తనకేం అబ్బిందో పిల్లలు వ్యాసంలో రాసుకుంటే కాలేజీ దాన్ని చదవొచ్చు. గడి నిండితే తప్పు, కథ రాస్తే ఒప్పు. దాంతో కౌన్సెలర్‌కి డబ్బు పెట్టగలిగిన పిల్లల కథలు నున్నగా వస్తాయి. మిగతావాళ్లవి ఎలా వస్తాయో చెప్తాను. ఒక అబ్బాయి, వాళ్ల అమ్మకి ఇంగ్లిష్ రాదని డాక్టర్ దగ్గర తనే మాట అటూ ఇటూ చెప్పేవాడట. అమ్మకి వచ్చిన జబ్బు పేరు పన్నెండేళ్ల వయసులో తనే అమ్మకి చెప్పాల్సి వచ్చిందని రాశాడు. మొత్తం నాలుగు లైన్లు. మిగతా పేజీ అంతా ఫుట్‌బాల్ గురించి. ఆ నాలుగు లైన్ల దగ్గర ఆగాలంటే చదివేవాళ్లకి టైమ్ ఉండాలి కదండీ.

4312 గారూ, మేనేజ్‌మెంట్ కోటా లాంటిది ఇక్కడా ఉంది. హార్వర్డ్ కేసులో కోర్టు ముందుకొచ్చిన లెక్కల్ని బట్టి, అక్కడ సీటొచ్చిన తెల్లజాతి పిల్లల్లో సుమారు 43 శాతం క్రీడాకారులో, పూర్వ విద్యార్థుల పిల్లలో, అధ్యాపకుల పిల్లలో, డీన్ ప్రత్యేక జాబితాలో ఉన్నవాళ్లో. ఆ జాబితాలో దాతల బంధువులకూ చోటుంది. 2023 తీర్పు వీటిలో దేన్నీ ముట్టుకోలేదు.

#6 నల్లకోటు
మల్లి గారు చెప్పినదానికి కొంచెం కలుపుతాను. కేసు వేసింది ఆసియా పిల్లల పేరు మీద. హార్వర్డ్ ఇచ్చే 'వ్యక్తిత్వం' రేటింగులో వాళ్లకి సగటున తక్కువ వస్తోందని వాదన. మన తెలుగువాళ్లు చాలామంది ఆ తీర్పుకి సంబరపడింది అందుకే. ఫలితాలు మాత్రం కాలేజీకో రకంగా ఉన్నాయి. తీర్పు తర్వాత మొదటి బ్యాచ్ 2024లో చేరింది. ఎంఐటీలో నల్లజాతి విద్యార్థులు అంతకుముందు 13 శాతం ఉండేవాళ్లు, 5కి పడిపోయారు. ఆసియన్లు సుమారు 40 నుంచి 47కి పెరిగారు. ఆమ్‌హర్స్ట్ కాలేజీలో నల్లజాతి వాటా 11 నుంచి 3కి దిగింది. యేల్, ప్రిన్స్‌టన్‌లో ఆ వాటా దాదాపు కదల్లేదు. అదే తీర్పు, అదే ఏడాది.

ఇంకొకటుంది. మిలిటరీ అకాడమీల సంగతి ఈ తీర్పులో తేల్చడం లేదని ఫుట్‌నోట్‌లో రాసి వదిలేశారు. సైన్యంలో అధికారులంతా ఒకే రంగు అయితే ఇబ్బందని అందరికీ అర్థమవుతుంది, ఆస్పత్రిలో డాక్టర్ల దగ్గరికి వచ్చేసరికి ఎందుకు అర్థం కాదో నాకు ఇప్పటికీ బోధపడదు. ఇది నా అభిప్రాయం, చట్టం కాదు.

#7 సావోపాలో శీను
బ్రెజిల్ సంగతి ఎవరూ ఎత్తలేదు. నిజానికి మనకి దగ్గర చుట్టం అదే. అమెరికా కాదు.

ఇక్కడ 2012లో చట్టం వచ్చింది. కేంద్ర యూనివర్సిటీల్లో ప్రతి కోర్సులో సగం సీట్లు ప్రభుత్వ హైస్కూల్లో చదివిన పిల్లలకి. ఆ సగంలో మళ్లీ సగం తక్కువ ఆదాయం ఉన్న కుటుంబాలకి. వీటి లోపల నల్లజాతి, మిశ్రమ వర్ణం, ఆదివాసీ పిల్లలకి ఆ రాష్ట్ర జనాభాలో వాళ్ల వాటా ఎంతో అంత. బాహియాలో ఒక లెక్క, దక్షిణాన శాంత కతరీనాలో ఇంకో లెక్క. అంటే ముందు స్కూలు, తర్వాత ఆదాయం, ఆ తర్వాత రంగు. ఈ వరస నాకు బాగా నచ్చుతుంది. డబ్బున్న ఇంటి పిల్లాడు ఏ రంగువాడైనా ప్రైవేటు స్కూల్లో చదివితే మొదటి గేటు దగ్గరే ఆగిపోతాడు. అదే ఏడాది ఏప్రిల్‌లో ఇక్కడి సుప్రీంకోర్టు కోటాలు చెల్లుతాయని ఏకగ్రీవంగా చెప్పింది.

తలనొప్పి అంతా రుజువు దగ్గర. ఇక్కడ కుల సర్టిఫికెట్ లాంటిది లేదు. 'నేను మిశ్రమ వర్ణం' అని ఎవరికి వాళ్లు చెప్పుకోవాలి. తెల్లగా ఉన్నవాళ్లు కూడా చెప్పుకోవడం మొదలుపెట్టేసరికి కమిటీలు పెట్టారు. మా ఆఫీసులో ఒకావిడ కూతురు ఆ కమిటీ ముందు నిలబడింది. గదిలో కెమెరా, ఎదురుగా కమిటీవాళ్లు. తన పేరు చెప్పి, 'నేను నల్లజాతి మనిషిని' అని కెమెరాకి చెప్పాలి. వాళ్లు ముఖం, జుట్టు, చర్మం చూసి రాసుకుంటారు. అమ్మమ్మ నల్లగా ఉండేదన్న మాట పనికిరాదు, నువ్వు ఎలా కనిపిస్తున్నావన్నదే లెక్క. ఎందుకంటే వీధిలో పోలీసు ఆపేది నీ అమ్మమ్మని కాదు కదా అంటారు. ఆ పిల్లకి సీటొచ్చింది. వాళ్లమ్మ మాత్రం ఆ గది గురించి ఇప్పటికీ ఒకటికి రెండు మాటలు మాట్లాడదు.

#8 ర్యాంక్ 4312
ముఖం చూసి సీటా!! దీనికంటే మన మీసేవ సర్టిఫికెట్టే నయం.

#9 సావోపాలో శీను
బ్రదర్, 2007లో బ్రెజీలియా యూనివర్సిటీలో ఇంకా పెద్ద తమాషా అయింది. ఒకే పోలికతో పుట్టిన కవలలు ఇద్దరూ కోటాకి అప్లై చేశారు. అప్పట్లో ఫొటోలు చూసి తేల్చేవారు. ఒకణ్ని నల్లజాతి అన్నారు, రెండోవాణ్ని కాదన్నారు. దేశమంతా నవ్వింది. దాని తర్వాత ఆ ఫొటో పద్ధతి మానేశారు.

#10 మొదటి డిగ్రీ
మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనే మొదట. అందుకే ఈ పేరు పెట్టుకున్నా. మన దగ్గర ముఖం చూసి చెప్పే కమిటీ లేదన్నారుగా. ఉంది. హాస్టల్లో మొదటి వారం ఎవరూ కులం అడగరు, చాలా మర్యాదగా "నీ ర్యాంక్ ఎంత?" అని అడుగుతారు. నంబరు చెప్పగానే ఎదుటివాళ్ల కళ్లలో లెక్క పూర్తవుతుంది. ఆ తర్వాత ల్యాబ్‌లో బ్యాచ్ ఎవరితో పడుతుందో చూస్తే చాలు. మూడో సంవత్సరం ఒకమ్మాయి నాతో "నువ్వు బాగానే చదువుతావే!" అంది. పొగిడాననే అనుకుంది పాపం.

ఇంకో విషయం. రిజర్వేషన్ అనగానే ఎస్సీలందరూ ఒకటే అన్నట్టు మాట్లాడతారు. మా కులం చాలా చిన్నది. 15 శాతం కోటా ఉందని తెలుసు, మావాళ్లలో దాన్ని అందుకున్నవాళ్లని మాత్రం నేను ఇంటర్ దాకా చూడలేదు. వర్గీకరణ కోసం ఉమ్మడి రాష్ట్రంలో 1994 నుంచి పోరాటం నడిచింది. ఏ, బీ, సీ, డీ అని విడగొడితే 2004లో సుప్రీంకోర్టు చిన్నయ్య కేసులో కుదరదంది. మళ్లీ 2024 ఆగస్టు 1న ఏడుగురు జడ్జిల బెంచి 6-1తో కుదురుతుందంది. 2025లో తెలంగాణలో మూడు గ్రూపులు చేశారు. బాగా వెనకబడ్డ కులాలకి 1, మాదిగలున్న గ్రూపుకి 9, మాలలున్న గ్రూపుకి 5. ఆ ఒక్క శాతంలో మేమున్నాం. నేను చదివేటప్పుడు అది లేదు, మా తమ్ముడి కూతురికి ఉంటుంది.

#11 పాత లెక్చరర్
అమ్మా, ఆ "ర్యాంక్ ఎంత" అన్న ప్రశ్న స్టాఫ్‌రూమ్‌లో కూడా విన్నాను. అడిగినవాళ్లలో నేనూ ఉన్నాను మొదట్లో. తప్పే.

ఇక 4312 బాబుకి నేను బాకీ ఉన్న జవాబు. ముందు పాత కథ ఒకటి. మద్రాసు రాష్ట్రంలో, అంటే అప్పటికి మన కోస్తా, సీమ జిల్లాలు కూడా అందులోనే ఉన్నాయి, కమ్యూనల్ జీవో అని ఉండేది. కాలేజీల్లో ప్రతి 14 సీట్లకీ లెక్క కట్టేవారు. బ్రాహ్మణేతర హిందువులకి 6, వెనకబడిన హిందువులకి 2, బ్రాహ్మణులకి 2, హరిజనులకి 2, ఆంగ్లో ఇండియన్లకీ క్రైస్తవులకీ కలిపి 1, ముస్లింలకి 1. కూడి చూసుకో, 14. ఓపెన్ సీటంటూ ఏదీ లేదు, ప్రతి సీటుకీ ఒక పేరుంది. చంపకం దొరైరాజన్ అనే ఆవిడ దీని మీద కోర్టుకి వెళ్తే 1951లో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఆవిడ మెడికల్ కాలేజీకి అసలు దరఖాస్తే పెట్టలేదు, ఎలాగూ రాదని! ఆ తీర్పుకి జవాబుగానే అదే ఏడాది రాజ్యాంగానికి మొదటి సవరణ చేసి, వెనకబడినవాళ్లకి ప్రత్యేక ఏర్పాట్లు చెయ్యొచ్చనే 15(4) తెచ్చారు.

ఇప్పటి పద్ధతి అది కాదు. ఇప్పుడు ఓపెన్ అంటే ఓసీ కోటా కాదు, అందరిదీ. ర్యాంకు వరసలో పిలుచుకుంటూ వస్తే బీసీ, ఎస్సీ పిల్లలు కూడా ఓపెన్‌లో పడతారు, వాళ్లని కోటాలో లెక్కెయ్యకూడదు. చెప్పడానికి తేలికే, చెయ్యడానికి నరకం. ఓపెన్‌లో ఒక కాలేజీ వచ్చిన బీసీ అమ్మాయికి కేటగిరీలో ఇంకా మంచి కాలేజీ దొరికిందనుకో, అక్కడికి జరుగుతుంది. మరి తను వదిలిన ఓపెన్ సీటు ఎవరిది? మెడికల్ సీట్లలో దీని కోసమే జీవో 550 తెచ్చారు. ఆ సీటుని అదే కేటగిరీ పిల్లలతో నింపాలని. దాని మీద ఎన్ని కేసులయ్యాయో! కౌన్సెలింగ్ హాల్లో మైకు పట్టుకుని ఈ ముక్క తల్లిదండ్రులకి వివరించడం కంటే ఫోరియర్ సిరీస్ చెప్పడం సుఖం.

#12 సావోపాలో శీను
లెక్చరర్ గారూ, సరిగ్గా ఇదే గొడవ ఇక్కడా జరిగింది! కోటాలో అప్లై చేసిన పిల్లలకి ఓపెన్‌లో సీటొచ్చేంత మార్కులొచ్చినా కోటా సీట్లోనే కూర్చోబెట్టేవారు. దాంతో కోటాలో కటాఫ్ కొన్ని కోర్సుల్లో ఓపెన్‌ని దాటిపోయేది. 2023లో చట్టం సవరించి, ముందు అందరినీ ఓపెన్‌లో చూడాలి, అక్కడ రాకపోతేనే కోటా అని రాశారు. మన దేశం ఎప్పుడో నేర్చుకున్న పాఠం వీళ్లు పదకొండేళ్లకి నేర్చుకున్నారు.

#13 క్లాంగ్ నది
మలేషియా నుంచి. మా తాతగారి తరంలో ఇక్కడికొచ్చి స్థిరపడ్డ తెలుగువాళ్లం, నా తెలుగులో తప్పులుంటే సర్దుకోండి.

మీరంతా తక్కువమంది ఉన్నవాళ్లకో అణిగిపోయినవాళ్లకో ఇచ్చే కోటా గురించి మాట్లాడుతున్నారు. మా దగ్గర కోటా మెజారిటీకి. 1969 మే 13 అల్లర్ల తర్వాత 1971లో కొత్త ఆర్థిక విధానం వచ్చింది. మలయ్‌లు పేదరికంలో ఉన్నారు, వ్యాపారం చైనీయుల చేతిలో ఉంది, కాబట్టి భూమిపుత్రులకి, అంటే మలయ్‌లకీ ఇతర స్థానిక తెగలకీ, చదువులో, ఉద్యోగాల్లో, వ్యాపారంలో వాటా అన్నారు. ఆ రోజుకి అందులో నిజముంది. దాంతో లక్షల మలయ్ కుటుంబాలు పల్లె వదిలి మధ్యతరగతిలోకి వచ్చాయి, అది కాదనను. కానీ ఎస్టేటు కూలీల పిల్లలు, అంటే మావాళ్లు, భూమిపుత్రులూ కారు, వ్యాపారులూ కారు. మధ్యలో జారిపోయారు.

డిగ్రీకి పోవడానికి ఇక్కడ రెండు దారులు. మెట్రిక్యులేషన్ అనేది ఒక ఏడాది కోర్సు, అందులో 90 శాతం సీట్లు భూమిపుత్రులకి. రెండోది ఎస్‌టీపీఎం అనే పరీక్ష, ఇంకా పొడుగు, ఇంకా కష్టం. మా అన్న ఎస్‌టీపీఎం చదివాడు. పక్కింటి మలయ్ కుర్రాడు, వీడి ప్రాణస్నేహితుడు, మెట్రిక్ చదివాడు. చివర్లో ఇద్దరి మార్కుల్నీ ఒకే తక్కెడలో తూచి "ఇది మెరిట్" అన్నారు. అన్నని బాధపెట్టింది కోటా కాదు, ఆ మాట. 2024లో ఎస్‌పీఎంలో, అంటే స్కూలు చివరి పరీక్షలో, 10 'ఏ' గ్రేడ్‌లు వచ్చిన పిల్లలకి జాతితో పని లేకుండా మెట్రిక్ సీటిస్తామన్నారు. భూమిపుత్రుల కోసమే ఉన్న మారా యూనివర్సిటీ గేటు మాత్రం మాకు ఇంకా మూసే ఉంది.

#14 ర్యాంక్ 4312
చూశారా! ఒకసారి మొదలుపెడితే ఎక్కడా ఆగదు.

#15 నల్లకోటు
ఆగడం, ఆగకపోవడం కాదు తమ్ముడూ, ఎవరి చేతిలో కత్తి ఉందన్నది చూడాలి. శ్రీలంకలో 1971లో మెడిసిన్‌లో సీటు రావాలంటే తమిళ మాధ్యమం పిల్లలకి 400కి 250 కావాలి, సింహళ మాధ్యమం వాళ్లకి 229 చాలు. 'స్టాండర్డైజేషన్' అని ముద్దుపేరు. ప్రభుత్వాన్ని చేతిలో పెట్టుకున్న మెజారిటీ తన పిల్లలకి తనే మార్కులు వేసుకుంది. జాఫ్నా కుర్రాళ్లలో రగిలిన కోపానికి ఇదొక ముఖ్య కారణమైంది. తర్వాత జిల్లాల పద్ధతికి మారారు. ఇప్పుడు 40 శాతం దేశమంతటా మెరిట్, 55 శాతం జనాభాని బట్టి జిల్లాలకి, మిగతాది బాగా వెనకబడిన జిల్లాలకి. మెజారిటీ తనకి తాను ఇచ్చుకున్నదాన్ని కూడా పేరుకి 'చేయూత' అనే అంటారు, అణిగిపోయినవాళ్లకి ఇచ్చేదాన్నీ అదే అంటారు. రెండూ ఒకటి కాదు.

#16 అడ్మిన్
రెండు పోస్టులు తీసేశాను. ఎందుకో రాసినవాళ్లకి తెలుసు.

#17 తూనికరాయి
ఇంత వస్తుందనుకోలేదు, అందరికీ థాంక్స్. ఇప్పుడు బాబాయ్ రెండో అస్త్రం తీశాడు. "కులం, జాతి అన్నీ తీసేసి పేదరికం ఒక్కటే చూస్తే సరిపోదా?" అని. నిజం చెప్పాలంటే ఇది నాకూ సబబుగానే అనిపిస్తోంది.

#18 మిడ్‌వెస్ట్ మల్లి
చేసి చూశారండీ. కాలిఫోర్నియాలో 1996లో ప్రజలే ఓటేసి జాతిని చూడకూడదన్నారు. 1998లో బర్క్‌లీ, లాస్ ఏంజెలెస్ క్యాంపస్‌లలో నల్లజాతి, లాటినో అడ్మిషన్లు దారుణంగా పడిపోయాయి. తర్వాత పేద స్కూళ్ల చుట్టూ తిరిగి పిల్లల్ని తయారుచేసే పనికి యూనివర్సిటీ 2004 నుంచి 50 కోట్ల డాలర్ల పైనే ఖర్చుపెట్టామని సుప్రీంకోర్టుకి చెప్పుకుంది. అయినా క్యాంపస్‌లు రాష్ట్రం పోలికలోకి రాలేదని వాళ్లే ఒప్పుకున్నారు.

టెక్సస్‌ది ఇంకో ఉపాయం. 1997లో చట్టం చేసి, ప్రతి హైస్కూల్లో పై 10 శాతం పిల్లలకి రాష్ట్ర యూనివర్సిటీలో సీటు ఖాయం అన్నారు. జాతి మాటే లేదు. బాగానే పనిచేసింది. ఎందుకు పనిచేసిందో తెలుసా? నల్లవాళ్ల స్కూళ్లు, లాటినోల స్కూళ్లు, తెల్లవాళ్ల స్కూళ్లు విడివిడిగా ఉండబట్టి. స్కూళ్లన్నీ కలిసిపోయిన రోజున ఆ చట్టానికి పనుండదు.

#19 నల్లకోటు
ఫ్రాన్స్‌లో జాతి అడగడమే మహాపాపం, లెక్కల్లోనే ఉండదు. అందుకని 2001లో పారిస్‌లోని సియాన్స్ పో ఏం చేసిందంటే, వెనకబడిన పేటల్లోని హైస్కూళ్లతో ఒప్పందాలు చేసుకుని, రాతపరీక్ష బదులు ఇంటర్వ్యూతో పిల్లల్ని తీసుకుంది. రంగు అడగలేదు, ఏ పేట స్కూలో చూసింది. రెండూ చాలావరకు ఒకటేనని అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు.

మన దగ్గర పేదరికం కోటా 2019లోనే వచ్చిందిగా, 10 శాతం ఈడబ్ల్యూఎస్. అందులోకి ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ పేదలు రాకూడదు. 2022లో సుప్రీంకోర్టు 3-2తో సరేనంది. ఆదాయ పరిమితి ఏడాదికి 8 లక్షలు. ఓబీసీల్లో 8 లక్షలు దాటితే 'క్రీమీ లేయర్', అంటే సంపన్నులు. ఓసీల్లో 8 లక్షల లోపైతే పేదలు. ఆ ఒక్క అంకెని బాబాయ్ గారి ముందు పెట్టండి.

#20 మొదటి డిగ్రీ
పేదరికం పోయాక కూడా "ర్యాంక్ ఎంత" అని అడిగారండీ నన్ను. ఇప్పుడు ఆఫీసులో అడుగుతారు.

#21 ర్యాంక్ 4312
లెక్చరర్ గారూ, ఓపెన్‌లో పడ్డ కేటగిరీ వాళ్ల లెక్క ఎక్కడ దొరుకుతుంది? మీరు చెప్పింది నమ్మకపోవడం కాదు, చూడాలని.

#22 పాత లెక్చరర్
కాలేజీవారీ అలాట్‌మెంట్ లిస్టు కౌన్సెలింగ్ సైట్‌లో ఉంటుంది. కులం అని ఒక కాలమ్, ఏ కేటగిరీ సీటులో పడ్డారో చెప్పే కాలమ్ ఇంకొకటి. రెండూ పక్కపక్కన పెట్టి చూడు.

#23 ర్యాంక్ 4312
చూశాను. నేను కోరుకున్న బ్రాంచిలో ఓపెన్ కింద 20 మంది ఉన్నారు. అందులో ఏడుగురు బీసీ, ఒకరు ఎస్సీ. మా ఫ్రెండ్‌ది కేటగిరీ సీటే, అది నేను తప్పు చెప్పలేదు. కానీ ఆ 20లో ఇంతమంది ఉంటారని అనుకోలేదు.

#24 పాత లెక్చరర్
ఆ ఎనిమిది మంది ర్యాంకులు చూశావా?

#25 ర్యాంక్ 4312
చూశా సార్. అందరివీ నాకంటే ముందే. ఎస్సీ అమ్మాయిది 1900 చిల్లర.